రెండు గంటల పదిహేడు నిమిషాల డీన్

ఆ రోజు పొద్దున్న లా కాలేజీ గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది గంటల బస్సెక్కాలి. కొత్త డీన్‌ని ఎంపిక చేసే కమిటీకి టీ ఇప్పించి, కుర్చీలు సర్ది, వాళ్లు తేల్చినదాన్ని రాసుకోవాలి. మధ్యాహ్నానికల్లా ఆ కొత్త డీన్ చేత కూతురి పట్టా మీద సంతకం పెట్టించుకోవాలి. సాయంత్రం ఐదుకి ఇంటికి తేవాలి. అంతే.

చివరి రెండూ మాత్రం అతని గుండెలో ముల్లులా ఉన్నాయి. పాత డీన్ పదవీ విరమణ చేసి ఐదు నెలలైంది. అప్పటినుంచి రెండు వందల పన్నెండు పట్టాలు ఇనప్పెట్టెలో పొదగని గుడ్లలా పడి ఉన్నాయి. వాటిలో ఒకటి అతని కూతురిది. వకీలుగా పేరు నమోదు చేయించుకోవడానికి రేపు ఉదయం పదితో గడువు అయిపోతుంది. దాటితే మళ్లీ ఏడాది. తన దగ్గర పనికి పెట్టుకుంటానన్న పెద్ద వకీలు ఏడాది ఆగే మనిషి కాదు.

కాలేజీలో అతన్ని అందరూ తీర్మానం అనేవారు. కమిటీలు చేసే తీర్మానాలన్నీ, అంటే సమావేశాల మినిట్సన్నీ, ఇరవై ఆరేళ్లుగా అతని చేతి రాతే. పల్లెటూరి బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలు. మాట తక్కువ. చూపు మాత్రం ఏదీ వదిలేది కాదు. అరక కట్టిన ఎద్దు ఏ చాలు దగ్గర మొరాయిస్తుందో చిన్నప్పుడు ఎలా చెప్పేవాడో, ఏ ప్రొఫెసరు ఏ మాట దగ్గర అడ్డం తిరుగుతాడో ఇప్పుడు అలాగే చెప్పగలడు.

అందుకే అతనికో పద్ధతి ఉండేది. మినిట్సు సమావేశానికి ముందురోజే రాసేసేవాడు. అయ్యాక రాస్తే లా ప్రొఫెసర్లు తాము అన్నదాన్ని అనలేదంటారు. అది తేలడానికి మూడు నెలలు పడుతుంది. ముందే రాసి ఉంచితే, అచ్చం అలాగే మాట్లాడి, చదువుకుని, మురిసిపోయి ఒప్పుకుంటారు. హాజరు పట్టీ మీద సంతకాలు కూడా ముందటి శనివారమే తీసుకునేవాడు. సమావేశం అయ్యాక ఒక్కరూ దొరకరు మరి.

ఎంపికైన వారి పేరు దగ్గర మాత్రం చిక్కు. ఆ కాలేజీలో కాగితం మీద ఖాళీ వదలడమంటే ఇంటి తలుపు తీసి ఊరెళ్లడమే. అందుకని ఆ చోట తన పేరే రాసుకునేవాడు. పొరపాటున ఎవరి కంటయినా పడితే, ఇది ఉత్తుత్తి కాగితమని చిన్నపిల్లలకైనా తెలిసిపోవాలని. సమావేశం అయ్యాక అది మార్చి, అసలు పేరుతో శుద్ధప్రతి రాసేవాడు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ ఉద్యోగం," అంది భార్య, బల్ల తుడుస్తూ.

"నా రాత తప్పిందెప్పుడే?"

"ఎప్పుడూ తప్పలేదనేగా నా భయం," అని ఆమె రెండు కాగితాల దొంతర్లూ ఎత్తి, కింద తుడిచి, మళ్లీ పెట్టింది. పైన ఉండాల్సిన అజెండా కిందికి వెళ్లింది. కింద ఉండాల్సిన మినిట్సు హాజరు పట్టీతో సహా పైకి వచ్చింది. చరిత్ర మలుపు తిరిగేటప్పుడు చప్పుడేమీ చేయదు. ఒక గుడ్డ తుడిచిన చప్పుడు వస్తుంది, అంతే.

ఆ కాగితాలు ఇంట్లోనే మరిచిపోయిన సంగతి అతనికి బస్సులో గుర్తొచ్చింది. ఆ బస్సు కూడా అతను మరిచిపోయాడన్న కోపం మీద ఉన్నట్టు, సగం దారిలో పొగ కక్కి ఆగిపోయింది. అప్పటికి పదింబావు.

నిజానికి సమావేశం పదింటికి. కానీ పదింటి సమావేశానికి కమిటీ పదకొండున్నరకు వస్తుంది. పదిన్నర దాటాక అజెండా ఫోన్లకు పంపితే, "అరే, ఈ రోజేనా!" అని గుర్తొచ్చి బయల్దేరతారు. ఇరవై ఆరేళ్లుగా ఈ లెక్క తప్పలేదు. అతను రోడ్డు పక్కన నిలబడి కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మా, బల్ల మీద పైనున్న దొంతర ఫొటోలు తీసి, నేనెప్పుడూ పంపేవాళ్లందరికీ పంపు. పది నలభై ఐదుకి పంపు. ముందు కాదు."

"చదివి పంపనా, చదవకుండా పంపనా?"

"చదివేదేముందమ్మా అందులో! పంపెయ్."

పది నలభై ఐదుకి అది సభ్యులకీ, రిజిస్ట్రార్‌కీ, కాలేజీ ఆఫీసుకీ వెళ్లింది. పది గంటలకు సమావేశం మొదలైందని, పది నలభైకి ముగిసిందని, సభ్యులు ముగ్గురూ హాజరయ్యారని, కమిటీ ఏకగ్రీవంగా ఫలానా వ్యక్తిని డీన్‌గా ఎంపిక చేసిందని, వారు తక్షణం బాధ్యతలు స్వీకరించారని అందులో ఉంది. కింద ముగ్గురి సంతకాలు.

ముగ్గురు సభ్యులూ మూడు ఇళ్లలో ఉలిక్కిపడ్డారు. కమిటీ పెద్ద, ఒక రిటైర్డ్ జడ్జి, గడ్డం గీసుకుంటున్నవాడల్లా సగం నురుగుతో ఆగిపోయాడు. కాంట్రాక్టుల పాఠం చెప్పే మేడమ్ చేతిలో దువ్వెన జారింది. సాక్ష్యాల చట్టం చెప్పే మాస్టారు అప్పుడే రెండో టీ పోసుకుంటున్నాడు. ముగ్గురికీ ఒకటే ఆలోచన వచ్చింది: అయ్యో, ఇవాళైనా సమయానికి వెళ్లలేకపోయాను. మిగిలిన ఇద్దరూ వెళ్లి, పని కానిచ్చి, నా పరువు కాపాడ్డానికి నన్ను కూడా ఉన్నట్టు రాయించారు. ఎంత మంచివాళ్లు! ఇక చేయాల్సింది ఒక్కటే. ఉన్నట్టు కనపడాలి.

తీర్మానం ఇంకో బస్సు పట్టుకుని కాలేజీ గేటు దగ్గర దిగేసరికి పదకొండు ముప్పావు. రోజూ కూర్చున్న చోటినుంచే తల ఊపే వాచ్‌మన్ లేచి నిలబడి టోపీ తీశాడు.

"ఏంటయ్యా ఇది?"

"ఏంటయ్యా అంటారేంటి సార్! మనవాడొకడు అంత ఎత్తుకి వెళ్లాడంటే... మా ఆవిడకి కూడా ఫోన్ చేసి చెప్పాను. ఏడ్చేసింది."

"ఎవరు వెళ్లారు? ఎక్కడికి?"

వాచ్‌మన్ మెచ్చుకోలుగా నవ్వాడు. "ఇంత అణకువ ఎక్కడా చూడలేదు సార్."

వరండాలో నోటీసు బోర్డు మీద ఆఫీసువాళ్లు అచ్చు తీసి అంటించిన కొత్త కాగితం. దూరం నుంచే గుర్తుపట్టాడు. తన గుండ్రటి అక్షరాలు. దగ్గరికెళ్లి చదివాడు. ఎంపికైన వారి పేరు దగ్గర తన పేరే ఉంది. బోర్డుకు ఎదురుగా బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, ఒడిలో గుడ్డసంచి. ఇంటర్వ్యూకి వచ్చిన ఒకే ఒక్క అభ్యర్థి. ఆమె బోర్డు మీది కాగితాలన్నీ, పోయిన గొడుగు గురించిన ప్రకటనతో సహా, చదివినట్టుంది. వంకరగా ఉన్న ఒక పిన్ను కూడా సరిచేసినట్టుంది. నిన్న అది వంకరగా ఉండటం అతను చూశాడు. ఆమె అతని వంక ఒకసారి చూసింది.

అతను పరుగులాంటి నడకతో వరండా చివరి కమిటీ హాలు దగ్గరికి వెళ్లాడు. హాలుకి తాళం. తాళంచెవి అతని జేబులోనే ఉంది. తాళం ముందు ముగ్గురు సభ్యులు, సమావేశం బాగా జరిగిందన్న తృప్తితో నిలబడి ఉన్నారు.

"భేషైన సమావేశం," అన్నాడు జడ్జిగారు. "చర్చ చాలా లోతుగా సాగింది."

"మీరు మాట్లాడింది నాకు బాగా నచ్చింది," అంది కాంట్రాక్టుల మేడమ్.

"మీరూ బాగా అన్నారు," అన్నాడు సాక్ష్యాల మాస్టారు, ఎవరితోనో తేల్చకుండా. అంతలో తీర్మానం కనబడ్డాడు. ముగ్గురూ ఒక్కసారి చేతులు జోడించారు.

"డీన్ గారూ! తాళం తీస్తారా? కళ్లజోడు లోపల మరిచిపోయాను," అన్నాడు జడ్జిగారు. కళ్లజోడు ఆయన నుదుటి మీదే ఉంది.

"అయ్యా, మీరు నన్ను ఎప్పుడూ నువ్వనేవారు..."

"పొద్దుటిదాకా అన్నాం. పదవికి మర్యాద ఉంటుంది కదండీ."

తీర్మానం నోటీసు బోర్డు వైపు చెయ్యి చూపించాడు. "అయ్యా, ఇది ఉత్తుత్తి చిత్తుప్రతి. నేను రాసుకున్నది. సమావేశమే జరగలేదు."

ముగ్గురి ముఖాలూ పాలిపోయాయి. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. జరగలేదంటే ఏమవుతుంది? రాకుండానే సంతకం పెట్టినట్టవుతుంది. శనివారమే పెట్టినట్టవుతుంది. ఇరవై ఆరేళ్లుగా ప్రతి శనివారం పెట్టినట్టవుతుంది.

సాక్ష్యాల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "చూడండి. రాసి, సంతకం పెట్టిన కాగితాన్ని నోటిమాటతో కొట్టేయడం కుదరదు. మొదటి ఏడాది పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం అదే. మీరు జరగలేదంటున్నారు. కాగితం జరిగిందంటోంది. కాగితానికి అబద్ధం ఆడాల్సిన అవసరం ఏముంది?"

"పైగా ఇందులో మీరు అసమ్మతి తెలిపినట్టు కూడా ఉంది," అంది మేడమ్, సాక్ష్యాల మాస్టారితో.

"అదేగా నా బలం! ఇరవై ఏళ్లుగా ప్రతి ఏకగ్రీవానికీ నేను అసమ్మతి తెలుపుతూనే ఉన్నాను. నేను లేకపోతే ఆ మాట ఎవరన్నారు?"

"మరి నా అర్హతలు?" అన్నాడు తీర్మానం, చివరి ఆశగా. "నేను పదో తరగతి అండి."

మేడమ్ కాగితం తిప్పి వేలు పెట్టి చూపించింది. "'అర్హతలను పరిశీలించి కమిటీ పూర్తిగా తృప్తి చెందినది.' తృప్తి చెందాక మళ్లీ అసంతృప్తి చెందడానికి నిబంధనల్లో దారి లేదు."

తీర్మానానికి భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువైంది. ఇన్నేళ్లూ ఈ చదువుకున్నవాళ్ల మాటలు కాలవ ఒడ్డున కూర్చుని నీళ్లను చూసినట్టు చూశాడు. ఒక పిడికెడు మట్టి అడ్డం వేస్తే ఆ నీళ్లు ఇంత దూరం మళ్లుతాయని, మళ్లి తన ఇంట్లోకే వస్తాయని ఏనాడూ అనుకోలేదు.

డీన్ గదికి నడిపించారు. తలుపు మీద వడ్రంగి అప్పటికే పేరు బల్ల బిగించేస్తున్నాడు. లోపల టేబుల్ మీద ఇనప్పెట్టె, తెరిచి ఉంది. రిజిస్ట్రార్ ఫోన్ చేశాడు. "అభినందనలు! ఎవరైతేనేం, సంతకం పెట్టే చెయ్యి దొరికింది. పిల్లలు ఐదు నెలలుగా నా ప్రాణం తోడేస్తున్నారు. రెండు వందల పన్నెండూ పంపాను. కలం కూడా పెట్టెలోనే పెట్టాను. కానివ్వండి."

అతను ఆ కుర్చీలో కూర్చోలేదు. చేతులమీద బరువు ఆపుకుని, అంచున ఆనుకున్నట్టు నిలబడ్డాడు. పెట్టెలో పైన ఉన్న పట్టా మీద పేరు చూశాడు. అన్నిటికన్నా పైన అదే ఉంది. కూతురి పేరు. వాళ్లమ్మ పోరి పోరి పెట్టిన పేరు.

ఒక్క సంతకం. గుండ్రటి అక్షరాల్లో. రేపు పదింటికి పిల్ల ఆ వకీళ్ల నమోదు ఆఫీసు గుమ్మంలో నిలబడుతుంది.

"మాస్టారూ," అన్నాడు మెల్లగా, సాక్ష్యాల మాస్టారితో, "నేను పెడితే చెల్లుతుందా?"

"నిక్షేపంలా. ఎంపికలో లోపం ఉన్నా సరే, పదవిలో కూర్చున్న మనిషి చేసిన పని చెల్లుతుంది. పాత సూత్రం. జనం నష్టపోకూడదని." ఆగి, పట్టా మీది పేరు చూశాడు. గొంతు తగ్గింది. "ఒక్కటి తప్ప. సొంత కూతురి పట్టా మీద తండ్రి సంతకం చెల్లదు. ఎవడి వ్యవహారంలో వాడే తీర్పరి కాకూడదు. మిగతా రెండు వందల పదకొండూ పెట్టొచ్చు."

ప్రపంచంలో డీన్లందరిలోకీ అతనొక్కడే ఆ పిల్లకి పనికిరాని డీన్.

అతను కూతురికి ఫోన్ చేశాడు. జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"అయితే పంపింది నేనేనా?"

"పంపమంది నేనే కదమ్మా."

"మిగతావాళ్లవైనా పెడతావా నాన్నా?"

"నువ్వు చెప్పు. చదివింది నువ్వు."

ఆ గొంతులో అతనెప్పుడూ వినని బరువుతో మాట వచ్చింది. "పెట్టకు నాన్నా. నాదీ వద్దు, వాళ్లవీ వద్దు. చెల్లుతుంది సరే, నిజం కాదుగా. ఏడాదే కదా... ఆగుతాను."

తీర్మానం ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఈ గోడల మధ్య న్యాయం గురించి వేల మాటలు రాశాడు. ఆ మాట ఇంత తేలిగ్గా, ఇంత ఖరీదుగా ఎవరూ అనగా వినలేదు. నా ఇంట్లో వకీలు పుట్టింది, అనుకున్నాడు. పట్టా లేకపోయినా పుట్టేసింది.

అప్పుడే తలుపు దగ్గర ఎవరో దగ్గారు. బెంచీ మీది ఆవిడ. సంచి భుజాన వేసుకుని, చేతిలో నోటీసు బోర్డు మీది కాగితం పట్టుకుని ఉంది.

"క్షమించండి. నన్ను ఇంటర్వ్యూ చేశారట. ఎలా చెప్పానో తెలుసుకుని వెళ్దామని," అంది. "నా జవాబులు చాలా బాగున్నాయనీ, అందువల్ల వీరిని ఎంపిక చేశారనీ ఉంది. చదివితే నాకూ న్యాయంగానే అనిపించింది."

జడ్జిగారు నుదుటి మీది కళ్లజోడు వెతుక్కున్నాడు.

"ఇంకో మాట. నా రైలు పొద్దున్నే చేరింది. తొమ్మిదిన్నర నుంచి ఆ బెంచీ మీదే, హాలు తలుపు కనబడేలా కూర్చున్నాను. లోపలికి ఎవరెవరు వెళ్లారో, ఎప్పుడు బయటికి వచ్చారో, అన్నీ చూశాను."

కాంట్రాక్టుల మేడమ్ కిటికీలోంచి బయట చెట్టు ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"అడిగితేనే చెప్తాను," అంది ఆవిడ మృదువుగా. "మంచి సాక్షి అడగనిది చెప్పకూడదు. ఎవరైనా అడుగుతారా?"

ఎవరూ అడగలేదు. సాక్ష్యాల మాస్టారు పెదవులు కదిలాయి కానీ, జీవితంలో మొదటిసారి, లోపలి మాట లోపలే ఉండిపోయింది.

"అయితే దారి ఒకటుంది. కాగితం ప్రకారం వీరు డీన్. డీన్ రాజీనామా చేయొచ్చు. కమిటీ ఒప్పుకోవచ్చు. కుర్చీ ఖాళీ అయితే కమిటీ ఈ క్షణమే మళ్లీ సమావేశం కావచ్చు. ఈసారి తలుపు తెరిచి." ఆమె తీర్మానం వైపు తిరిగింది. "తాళంచెవి మీ దగ్గరే కదా ఉంది?"

అతను జేబులోంచి తీశాడు. తాళంచెవి అతని దగ్గరుంటే తాము లోపలికెలా వెళ్లారన్నది అప్పటిదాకా తట్టని ముగ్గురూ ఆ చెవి వంక, రుజువైన నేరం వంక చూసినట్టు చూశారు.

తీర్మానం ఒక తెల్లకాగితం తీసి రాజీనామా రాశాడు. కారణం దగ్గర క్షణం ఆగి, 'నా పని నాకుంది' అని రాశాడు. పన్నెండు యాభై ఏడుకి కమిటీ దాన్ని ఆమోదించింది. హాలు తలుపు తెరుచుకుంది. లోపల కుర్చీల మీద నిన్నటి దుమ్ము కూడా కదల్లేదు. అందరూ ఆ దుమ్ము చూశారు. తుడుచుకుని కూర్చున్నారు.

జడ్జిగారు మూడు ప్రశ్నలు అడిగాడు. ఆవిడ మూడింటికీ సూటిగా జవాబు చెప్పింది. తర్వాత ఆయన, ఏదో గుర్తొచ్చినట్టు, బోర్డు మీది కాగితం దగ్గరకు లాక్కుని చదివాడు. "'మూడు ప్రశ్నలకు సూటిగా బదులిచ్చిరి. ఇంత పాత కాలేజీకి ఎందుకు వస్తున్నారన్న నాలుగో ప్రశ్నకు నవ్వి ఊరుకొనిరి.'" ఆయన తలెత్తాడు. "అమ్మా, ఇంత పాత కాలేజీకి ఎందుకు వస్తున్నారు?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. తీర్మానం వంక చూసింది. నవ్వి ఊరుకుంది.

దరఖాస్తు మీది ఒక్క ఫొటో చూసి రాశాడు అతను ఆ వాక్యం. ఇప్పుడు తన రాత వంక తనే బిత్తరపోయి చూస్తున్నాడు.

"ఏకగ్రీవం," అన్నాడు జడ్జిగారు.

అందరూ అలవాటుగా సాక్ష్యాల మాస్టారి వైపు తిరిగారు. ఆయన తల వంచుకుని, "నాకు అసమ్మతి ఏమీ లేదు," అన్నాడు. ఆ మాట విని గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్ మళ్లీ టోపీ తీశాడు.

రిజిస్ట్రార్‌కి ఫోన్ చేసి చెప్తే ఆయన నిట్టూర్చాడు. "మళ్లీ మారారా? పేరు బల్లకి మేకులు దిగిపోయాయండీ. సరే, చెయ్యి మారింది, పెట్టె అదే. సంతకాలు కానివ్వమనండి."

కొత్త డీన్ ఆ కుర్చీలో కూర్చుని, కలం తీసి, పైనున్న పట్టా అందుకుంది. పేరు చదివింది. తీర్మానం ముఖం చదివింది. రెండూ చదవడం ఆవిడకి ఒకే పని అయినట్టుంది.

"మీ అమ్మాయా?"

అతను తలూపాడు.

"ఈ అమ్మాయి పట్టా మీద సంతకం చివర్లో పెడతాను," అంది. అతను గడియారం వంక చూశాడు. "కాలేజీలో పనిచేసేవారి పిల్లలకి ముందు పెట్టారన్న మాట రాకూడదు. మీరు ఇక్కడే ఉండండి. ఐదు లోపు అయిపోతుంది."

నాలుగు యాభైకి రెండు వందల పన్నెండోది అయింది. తడి ఆరేదాకా ఆవిడే ఊదింది. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎండిన గింజను చూసినట్టు వెలుగుకేసి తిప్పి చూశాడు.

ఆ రాత్రి ఇంట్లో భార్య తుడిచిన బల్ల ముందే కూర్చుని, అతను రెండో సమావేశం మినిట్సు రాశాడు. ఇరవై ఆరేళ్లలో జరిగాక రాసిన మొదటి మినిట్సు అదే. కమిటీ వాటిలో పద్నాలుగు తప్పులు పట్టుకుంది.